చెయ్యెత్తి వేసే ఈల

ఫోన్ మోగితే చాలు, చెడ్డ కబురే అనుకునే రకం నేను. తీరా ఎత్తితే గ్యాస్ సిలిండర్ అబ్బాయో, కాలేజీ క్లర్కో అయి ఉంటారు. అయినా బుద్ధి రాదు. మొన్న మంగళవారం పొద్దున రెండో పీరియడ్‌కూ మూడో పీరియడ్‌కూ మధ్య రాజేశం పేరు తెర మీద కనిపించగానే మళ్లీ అదే అనుకున్నాను. ఈసారి నా భయమే నిజమైంది.

"మేడం, కాక పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు. అరుగు మీద కూసున్నోడు కూసున్నట్టే పోయిండు."

రాజేశం సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. కాక మా ఇద్దరికీ చుట్టం కాదు. కార్ఖానాలో అందరికంటే పెద్దవాడు కాబట్టి అందరికీ కాక. సుల్తానాబాద్‌కు బదిలీ కాకముందు నేను సిరిసిల్ల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. ఉన్న ఆరేళ్లూ ఆ కార్ఖానా గోడను ఆనుకున్న ఇంట్లోనే అద్దెకు ఉన్నాను.

ఫోన్ పెట్టేసి క్లాసుకు వెళ్లాను. కప్ప గుండెకు నాలుగు గదులని చెప్పానట. ముందు బెంచీ అమ్మాయి లేచి మూడని దిద్దింది.

ఏడవడానికి ముందు నాకు వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇక ఎవరిని అడగను, అని. నాలుగేళ్లుగా నన్ను ఒక ప్రశ్న తొలుస్తోంది. అప్పట్లో కాకకు చెవులు పోతున్నాయి. ఆ సంగతి ఆయన దాచుకున్నాడు. అది తెలియక నేను ఆయన ముఖం మీదే ఒక మాట అన్నాను. ఆ తర్వాత మూడు రోజులకు ఆయన పనీ ఊరూ వదిలి వెళ్లిపోయాడు. నా మాటకే వెళ్లాడా? వెతికి వెనక్కి తీసుకొచ్చాం గానీ, ఈ ఒక్కటి మాత్రం నేను ఆయన్ని ఏనాడూ అడగలేకపోయాను.

*

కాక బక్కపలచని మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ నూలు దుమ్ము ఉండేది. ఆదివారం తలంటుకుని వచ్చినా ఉండేది. చాయ్ సాసర్లో పోసుకుని రెండు చేతులా పట్టుకునేవాడు. తాగే ముందు పక్కవాళ్ల సాసర్లలోకి తొంగి చూసేవాడు, వాళ్లకు అందిందా లేదా అని. బట్ట ఎలా వచ్చిందో చేతి వెనక వైపుతో నిమిరి చెప్పేవాడు. అరచెయ్యి మొద్దుబారిపోయింది, దానికేమీ తెలియదు అనేవాడు.

ఎవరేం చెప్పినా చివర "గంతేనా?" అని అడగడం ఆయనకు అలవాటు. డాక్టరు మాత్రలు రాసిస్తే గంతేనా, కండక్టరు టికెట్టు కొట్టి ఇస్తే గంతేనా. అందులో దబాయింపు లేదు. ఇంకా ఏదో ఉండే ఉంటుందనీ, చెప్పేవాళ్లు మరిచిపోయారనీ ఆయన అనుమానం. క్లాసులో నలభై మంది పిల్లల్లో ఒక్కడు అలా అడిగితే నా జన్మ ధన్యమయ్యేది.

ఆయన పొద్దుటి పని ఒకటి మా ఇంటి కిటికీలోంచి రోజూ వినేదాన్ని. సాంచెలు నడవడం మొదలైతే మనిషి మాట పక్కవాడికి కూడా వినపడదు. అందుకని ఆ కార్ఖానాలో ఒక్కొక్కరికి ఒక్కో ఈల ఉండేది. రాజేశానిది మూడు పొట్టి ముక్కలు. ఫిట్టర్ రఫీక్‌ది పైకి లేచి కిందికి జారేది. కాకది రెండు పొట్టివి, ఒక పొడుగు. ఎవరిని పిలవాలంటే వాళ్ల ఈల వేయాలి. నూలు పోగు తెగినా, పోగును అటూ ఇటూ మోసే నాడె దారి తప్పి ఎగిరి వచ్చేలా ఉన్నా, ముందు ఆ మనిషి ఈలే. కొత్తగా చేరినవాళ్లు నెలా రెండు నెలల్లో తమ ఈల తామే కుదుర్చుకునేవారు. అది ఇంకొకరి ఈలకు దగ్గరగా ఉంటే కాక ఒప్పుకునేవాడు కాదు.

పొద్దున ఏడింటికి స్విచ్చులు వేయకముందు కాక గుమ్మం దగ్గర నిలబడి తన ఈల వేసేవాడు. లోపలినుంచి ఒక్కొక్కరూ తమ తమ ఈలలతో బదులిచ్చేవారు. ఒక్కటి తగ్గినా ఆయన తన సాంచె నడిపేవాడు కాదు. రానివాడి ఇంటికి మనిషిని పంపేవాడు. "జరమా? పంచాయితా? తాగి పన్నడా? ఏదో ఒకటి కనుక్కొని రా, పో." నాకంటే పెద్ద ఫికరుమనిషి దొరికినందుకు నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

నేను ఆ ఇంట్లో దిగిన మొదటి నెలలోనే ఈ ఈలల సంగతి నా బుర్రలో తగులుకుంది. సాయంత్రం నాలుగింటికి చాయ్ కోసం సాంచెలు ఆపి అందరూ అరుగు మీదికి వచ్చేవారు. ఒకరోజు ఉండబట్టలేక వెళ్లి చెప్పేశాను.

"కాకా, మీ తీరుగనే సముద్రంల డాల్ఫిన్లు గూడ ఈలలతోనే పిలుసుకుంటయి తెల్సా? దేని ఈల దానిది. దూరంగ పోయిన దాన్ని పిలవాల్నంటె దాని ఈలే వేస్తయి."

కాక సాసర్ కింద పెట్టాడు. "చేపలా?"

"చేపలు కావు కాకా. మన లెక్కనే ఊపిరి పీల్సుకుంటయి, పిల్లలకు పాలిస్తయి."

"మరి పుట్టంగనే ఈల ఎట్ల వస్తది? అవ్వ పేరు వెడ్తదా?"

"అదే కుదుర్సుకుంటది. మొదటి ఏడాదిల."

కాక రఫీక్ వైపు తిరిగి, "ఇన్నవా? గీడ నువ్వు మూడు నెల్లకు గూడ కుదుర్సుకోలే," అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత నా వైపు తిరిగాడు. "గంతేనా?"

అంతే కాదన్నాను. ఆ రోజు నుంచి నాలుగింటి చాయ్ నాకూ పోసేవారు.

సముద్రాన్ని కాక ఎన్నడూ చూడలేదు. ధర్మపురిలో గోదావరే ఆయన చూసిన పెద్ద నీళ్లు. అయినా ఆయన అడిగినన్ని ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. గుంపులో పెత్తనం ఎవరిదని అడిగాడు. ఓర్కా తిమింగలాల్లో ముసలి తల్లిదే అని చెప్పాను. మేత దొరకని ఏడు ఎటు పోవాలో దానికే గుర్తుంటుంది, తక్కినవి దాని వెనక నడుస్తాయి, కొడుకులు ఎంత పెద్దవాళ్లయినా తల్లి పక్కనే ఉంటారు అన్నాను. "బిడ్డలు గుడ పోరా?" కూతుళ్లూ పోరని చెప్పాను. ఆయన కూతుర్ని మరాఠీ మాట్లాడే సరిహద్దు వైపు, ఇచ్చోడలో ఇచ్చారు. "మంచి ఏర్పాటు," అన్నాడు.

పెద్ద తలకాయ తిమింగలాలు టకటకమని చప్పుళ్లు చేసి మాట్లాడుకుంటాయనీ, ఒక్కో వర్గానికి ఒక్కో వరస ఉంటుందనీ, వరస కలవనివాటితో కలిసి తిరగవనీ చెప్పినప్పుడు ఆయనకు మళ్లీ ఇచ్చోడే గుర్తొచ్చింది. "మా బిడ్డ పదేండ్లల్ల మాటే మార్సింది. సగం మరాఠీ కలుస్తది. మనుమరాలు ఏమంటదో నాకు సగమే సమజైతది. గట్ల నడుమల వరస మార్సుకునెటియి ఉంటయా?" నేను చదివినదాంట్లో అది లేదు. తెలియదని చెప్పాను. తెలియదని చెప్పడం కూడా ఆయనకు నచ్చింది.

ఆయనకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. తల్లి తిమింగలం మేత కోసం లోతుకు మునుగుతుంది. అంత లోతుకు పిల్ల పోలేదు. తల్లి పైకి వచ్చేదాకా వేరే ఆడవి పిల్ల పక్కన ఉంటాయి. కాక ఈ ముచ్చట నాతో ఐదారుసార్లు చెప్పించుకున్నాడు. కొత్తగా ఎవరు చేరినా నన్ను పిలిచి, "గా పిల్లను కాసెటి ముచ్చట గీనకు గుడ చెప్పు బిడ్డా," అనేవాడు.

*

నేను చేరిన నాలుగో ఏటో, ఐదో ఏటో, కార్ఖానాలో ఒక కొత్త పద్ధతి కనిపించింది. ఈల వేసేటప్పుడు చెయ్యి కూడా పైకెత్తుతున్నారు. ఎవరు ఎవరిని పిలిచినా అంతే. పొద్దుటి ఈలలప్పుడు కూడా వరసగా చేతులు లేచేవి. కొత్తగా వచ్చినవాళ్లు అది ఆ కార్ఖానా కాయిదా అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. క్లాసులో ఉదాహరణగా కూడా చెప్పాను. సంకేతాలు ఒకదానికొకటి తోడవుతాయని బోర్డు మీద రాశాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సాంచెల చప్పుడు మనిషి చెవిని ఒక్కసారిగా తినేయదు. ముందు సన్నటి ధ్వనులు పోతాయి. ఈలలు, పిట్టల కూతలు, ఫోన్ మోగడం. మోటు గొంతులు చాలాకాలం వినిపిస్తూనే ఉంటాయి. నాది క్లాసులు చెప్పి చెప్పి బొంగురుపోయిన గొంతు. అందుకే కాక నాతో అరుగు మీద రోజూ ముచ్చట పెట్టగలిగాడు. అందుకే నాకు ఏ అనుమానమూ రాలేదు. ఇదంతా జంతుశాస్త్రం చెప్పే మనిషికి తెలిసి ఉండాల్సిన సంగతే.

ఆ రోజు ఓడల గురించి మాట్లాడుకుంటున్నాం. పెద్ద ఓడలు తిరిగే చోట సముద్రం లోపల విపరీతమైన రొద ఉంటుందనీ, తిమింగలాలు ఒకదానినొకటి వినడానికి గొంతు పెంచుతాయనీ, కొన్ని విసిగి మాట్లాడటమే మానేస్తాయనీ చెబుతున్నాను. "మా కార్ఖానా లెక్కనే," అన్నాడు రఫీక్. కాక సాసర్లోకి చూస్తూ అడిగాడు.

"గా గుంపుల ఒకదానికి చెవులు వోయినయనుకో బిడ్డా. మిగిలినయి ఏం జేస్తయి?"

రాజేశం లేచి లోపలికి పోయాడు. అది కూడా నేను పట్టించుకోలేదు. మంచి ప్రశ్న అడిగారన్న హుషారులో ఉన్నాను.

"ఇగ దాని పని అయిపోయినట్టే కాకా. నీళ్లల్ల కండ్లు ఎంత దూరం కనవడ్తయి? అన్ని చెవులతోనే నడుస్తది. చెవి వోతె గుంపు యాడున్నదో తెల్వది. తప్పిపోతది. గట్ల తప్పిపోయి కొన్ని ఒడ్డుకు కొట్టుకొస్తయి. బతుకవు."

కాక చాయ్ పూర్తి చేశాడు. సాసర్ తుడిచి గ్లాసు మీద బోర్లించాడు.

"గంతేనా?"

"గంతే కాకా."

చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. నాకు తెలుసు కూడా. నాలుగున్నర అయింది, లోపల స్విచ్చులు వేశారు. మిగతాది రేపు చెబుదాంలే అనుకున్నాను.

*

మూడు రోజుల తర్వాత, గురువారం, వేములవాడ పోయొస్తానని ఇంట్లో చెప్పి కాక బయటికి వెళ్లాడు. సాయంత్రానికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోన్ ఇంట్లో గూట్లోనే ఉంది. ఆయన దాన్ని ఎప్పుడూ ఎత్తేవాడు కాదని, మోగితే తానే ఎత్తేదాన్నని ఆయన భార్య చెప్పింది. ఆమెను మేమంతా చిన్నమ్మ అని పిలిచేవాళ్లం. కండెలు చుట్టే రాట్నం ముందు ఊరికే కూర్చుని, చెయ్యి మాత్రం తిప్పుతూ ఉంది. కండె మీద నూలు లేదు.

శుక్రవారం పొద్దున గుమ్మం దగ్గర పిలిచే ఈల లేదు. ఎవరూ స్విచ్చులు వేయలేదు. ఆ ఆరేళ్లలో పని రోజున ఆ గోడ అవతల అంత నిశ్శబ్దం నేను వినలేదు. రఫీక్ బండి మీద వేములవాడ పోయి గుడి చుట్టుపక్కల సత్రాలన్నీ వెతికి వచ్చాడు. "కాక యాడ లేడు మేడం. గుళ్లె కోడె మొక్కు కట్టే కాడ గూడ అడిగిన. ఫికర్ నక్కో అంటున్న గని, నాకే మస్తు పరేషాన్ అయితుంది." నేను కాలేజీకి సెలవు పెట్టి ఇంటికీ కార్ఖానాకూ మధ్య తిరిగాను. చెరువు, రైలు పట్టాలు, దవాఖానా, నాకు రాని ఆలోచన లేదు.

శనివారం మధ్యాహ్నం ఇచ్చోడ నుంచి కూతురు ఫోన్ చేసింది. "బాపు ఈడికే వచ్చిండు. ఏం మాట్లాడ్తలేడు. ఇగ ఈన్నే ఉంట అంటుండు. అక్కడ ఏమన్న గొడవైందా?"

అందరి ప్రాణాలూ లేచి వచ్చాయి. ఆదివారం రాజేశం బయల్దేరుతూ మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. "మేడం, మీరు గుడ రాండ్రి. మీ మాట ఇంటడు." నేను ఎగిరి గంతేసినట్టు వెళ్లాను. ఇదొక్కటి తలుచుకుంటే నాకు నవ్వూ రాదు, ఏడుపూ రాదు.

ఇచ్చోడలో కూతురి ఇల్లు పెద్ద రోడ్డు పక్కనే. అల్లుడికి టైర్ల పంక్చర్ దుకాణం. కాక దుకాణం ముందు స్టూల్ మీద మా వైపు వీపు పెట్టి, పోయే లారీలను చూస్తూ కూర్చున్నాడు. రాజేశం రోడ్డు ఇవతలి నుంచి అలవాటు కొద్దీ కాక ఈల వేశాడు. రెండు పొట్టివి, ఒక పొడుగు. దుకాణంలో ఉన్న అల్లుడు తలెత్తాడు. టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు తలెత్తారు. కాక కదల్లేదు.

నేను రాజేశం ముఖం చూశాను. అతను ఆశ్చర్యపోలేదు.

"ఎన్నేండ్లయింది?" అని అడిగాను.

"రెండేండ్లు దాటింది మేడం."

"మీకందరికి తెల్సా?"

"అందరికి ఎరికే."

"కాకకు? మీకు తెల్సని?"

"తెల్వది. తెలిస్తె ఇజ్జత్ పోయినట్టు అనుకుంటడు. గందుకే అందరం చెయ్యిలెత్తుడు వెట్టినం. ఒక్క కాకకు ఎత్తితె ఎర్కైతది గదా."

దాని పని అయిపోయినట్టే కాకా. బతుకవు. నా మాటలు నాకు వరసగా, స్పష్టంగా, పాఠం చెప్పే గొంతుతో గుర్తొచ్చాయి. ఎదురుగా ఉన్న మనిషి తన బతుకు గురించి అడిగాడు. నేను తీర్పు చెప్పి చాయ్ తాగాను.

రాజేశం రోడ్డు దాటి, కాక ముందుకు వెళ్లి, చెయ్యెత్తాడు. కాక చూసి లేచి నిలబడ్డాడు. ముఖంలో దొరికిపోయిన దొంగ నవ్వు. రాజేశం ఒక్క మాట నిష్ఠూరం ఆడలేదు. కొత్త నూలు చుట్టిన బీము వచ్చిందనీ, పాత పోగులకు కొత్త పోగులు అతకడం ఎవరికీ కుదరడం లేదనీ, మూడు సాంచెలు ఖాళీగా ఉన్నాయనీ చేతులు ఊపుతూ చెప్పాడు. సగం అబద్ధం. కాక నా వైపు చూశాడు. "ఏం బిడ్డా, నువ్వు గుడ వచ్చినవ్?" అన్నాడు. అవునని తలూపాను.

కూతురు జొన్న రొట్టెలు కట్టి ఇచ్చింది. తిరుగు బస్సులో నేను కాక పక్కన కూర్చున్నాను. నిర్మల్ దాటేదాకా మాటలు కూడగట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు నేను సగమే చెప్పాననీ, డాల్ఫిన్లలో ఒకదానికి బాగా లేకపోతే తక్కినవి దాన్ని కింది నుంచి ఎత్తి ఊపిరి అందేలా పట్టుకుంటాయనీ, రెక్క తెగిన ఓర్కాకు గుంపు మేత తెచ్చి పెట్టడం చూసినవాళ్లున్నారనీ, నడుం వంకరైన డాల్ఫిన్‌ను వేరే జాతి తిమింగలాలు తమలో కలుపుకున్నాయనీ. బస్సు రొద ఒకవైపు, కిటికీ గాలి ఒకవైపు. కాక అన్నిటికీ తలూపాడు. కండక్టరు చిల్లర లేదన్నప్పుడు కూడా అలాగే తలూపాడు. నేను చెప్పినదాంట్లో ఆయనకు ఎంత చేరిందో నాకు తెలియదు. చివర గంతేనా అని అడగలేదు.

కరీంనగర్‌లో బస్సు మారాలి. నేను నీళ్ల సీసా కొనుక్కొచ్చేసరికి సిరిసిల్ల బస్సు వచ్చింది. పొద్దుగూకకముందే ఇల్లు చేరాం.

*

సోమవారం పొద్దున గుమ్మం దగ్గర మళ్లీ ఆ ఈల వినిపించింది. లోపల చేతులు లేచాయి. ఆయన ఒక్కొక్కరినీ చూసి లెక్కపెట్టుకుని తన సాంచె నడిపాడు. నాలుగింటికి నాకు చాయ్ వచ్చింది. కాక మునుపటిలాగే ముచ్చట అడిగేవాడు. నేనే మారిపోయాను. ప్రతి మాటకూ ముందు దాని వెనక ఏముందో చూసుకోవడం మొదలుపెట్టాను. మగ తిమింగలాలు పాటలు పాడతాయని చెప్పడానికి కూడా భయపడ్డాను. పాటలు వినపడవు కదా అని.

ఆరు నెలలకు సుల్తానాబాద్ బదిలీ వచ్చింది. కాక చేతి వెనకవైపుతో నా తల నిమిరి, "పోయి రా బిడ్డా," అన్నాడు. ఇక్కడ నేను ఒక్కదాన్నే. అమ్మ పోయాక వంట కూడా ఒక పూటే. కాకకు ఫోన్ చేసి లాభం లేదు కాబట్టి ప్రతి ఆదివారం రాజేశానికి చేసేదాన్ని. ఊరికే చేశానంటే బాగుండదని ఏదో ఒక సాకు. పరదా గుడ్డ కావాలనో, వేములవాడ బస్సులు ఎన్నింటికనో. చివర్లో మాట కలిపినట్టు, "కాక ఎట్లున్నడు?" అని.

"మంచిగున్నడు మేడం. మీరు ఫికర్ జేయకుండ్రి."

అక్కడ అడగొచ్చు. ఆనాడు నా మాటకే పోయాడా రాజేశం, అని ఆరు మాటలు కూడా లేవు. నాలుక చివరిదాకా వచ్చేది. అవునంటే ఏం చేయను? కాదంటే నమ్మగలనా? "సరే రాజేశం, ఉంట మరి," అని పెట్టేసేదాన్ని. సోమవారం నుంచి శనివారం దాకా అదే కొరుకుడు, ఆదివారం మళ్లీ ఫోన్.

*

పదకొండో రోజున సిరిసిల్ల వెళ్లాను. కార్ఖానా మూసి ఉంది. చిన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత నాకు భోజనం వడ్డించే వరసలో జాగా చూపించింది. తినలేకపోయాను. రాజేశం చెయ్యి కడుక్కుని వస్తుంటే అరుగు దగ్గర ఆపాను. మనిషి పోయాక అడగడానికి ధైర్యం వచ్చింది. ఎంత పిరికిదాన్నో చూడండి.

"రాజేశం, ఒక్కటి నిజం చెప్పు. కాక ఆనాడు ఇచ్చోడ పోయింది నా మాటకేనా?"

అతను చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"మీ మాటకే మేడం."

నాలుగేళ్లు ఎదురు చూసిన దెబ్బ పడింది. పడ్డాక కూడా నేను నిలబడే ఉన్నాను.

"కరీంనగర్ బస్టాండ్ల మీరు నీళ్లకు పోయిండ్రు సూడుండ్రి, గప్పుడు చెప్పిండు. చెయ్యిలెత్తుడు నా కోసమే అని నాకెర్కేర రాజేశం, అన్నడు. టీచరమ్మ గట్ల చెప్పంగనే దిల్ ఖరాబైంది, మీ మీద బరువెందుకని పోయిన, అన్నడు. గని గామెకు చెప్పకుండ్రి. గామె అసలే ఫికరుమనిషి. తెలిస్తె ఇగ పాఠం చెప్పలేకపోతది, అన్నడు. కార్ఖానాల అందరికి గదే చెప్పినం."

"అందరికి తెల్సా?"

"అందరికి ఎరికే మేడం."

చిన్నమ్మ అందుకుంది. "నువ్వు ఆయితారం ఫోన్ జేస్తవు గదా బిడ్డా. ఆ యాళకు మీ కాక రాజేశం పక్కన పోయి కూసుంటుండె. ఫోన్ పెట్టంగనే గీని నోరు దిక్కే సూస్తుండె. ఏం చెప్పింది అని అడుగకపోతుండె. గొంతు ఎట్లున్నది అని అడుగుతుండె."

నేను రాజేశాన్ని చూశాను. "నువ్వేం చెప్పెటోనివి?"

"మంచిగున్నదనే చెప్తుంటి. ఒక్కోపారి మంచిగుండకపోతుండె మేడం. గప్పుడు గుడ మంచిగున్నదనే చెప్పిన. కాక నా మొఖం జూసి అబద్ధం పట్టుకుంటుండె. ఒక్కతే ఉంటది ఆడ, మల్ల జెయ్యి, తిన్నదా అడుగు, అంటుండె."

అవును, కొన్ని ఆదివారాలు ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకే రాజేశం మళ్లీ చేసేవాడు. "తిన్నరా మేడం?" అని అడిగేవాడు. ఇతనికి వేరే పని లేదా అనుకుని, తినకపోయినా తిన్నానని చెప్పి పెట్టేసేదాన్ని.